పొయెటిక్ డివైస్ పేరు తెలిసినా జవాబు ఎందుకు రాయలేకపోతున్నారు?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. చెల్లి ఆదర్శ విద్యాలయంలో పదో తరగతి చదువుతోంది, సీబీఎస్ఈ సిలబస్. ఇంట్లో తెలుగు, స్నేహితులతో ఒడియా, పాఠాలు ఇంగ్లీషులో. సిమిలీ (ఉపమ), మెటఫర్ (రూపకం), పర్సనిఫికేషన్ నిర్వచనాలు గడగడా అప్పజెప్పేస్తుంది. పద్యంలోంచి నాలుగు లైన్లిచ్చి ఇందులో ఏ డివైస్ (అలంకారం) ఉంది, దానివల్ల ఏం జరిగింది అని అడిగితే మాత్రం పెన్ను కదలదు. అది చాలదన్నట్టు బడిలో వక్తృత్వ పోటీకి తయారవమని ఈథోస్, పేథోస్, లోగోస్ అనే మూడు మాటలు రాసి పంపారు. ‘ఇవి కూడా ఫిగర్స్ ఆఫ్ స్పీచేనా మాస్టారూ? గైడు కొనిస్తే సరిపోతుందా, ట్యూషన్ పెట్టించాలా?’

తమ్ముడూ, ముందు టెన్షన్ పడకు. మీ చెల్లికి సగం పని అయిపోయింది. పర్లాకిమిడి, గుణుపురం వైపు పిల్లలకు చాలా కాలంగా ఇంగ్లీషు చెబుతున్నాను. నిర్వచనాలు రానివాళ్లు తక్కువ. ఆగిపోయేది ఆ తర్వాతి మెట్టు దగ్గరే. ఇక్కడ మెటఫర్ ఉందని గుర్తుపట్టాక, ‘ఉంటే ఏమైంది?’ అని ఇంట్లోగానీ క్లాసులోగానీ ఎవరూ అడగరు. పరీక్ష పేపరు అడుగుతుంది. ఈథోస్, పేథోస్, లోగోస్ ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ కావు, వినేవాణ్ని ఒప్పించే మూడు దారులు. కానీ అవి పుట్టింది కూడా ఆ ప్రశ్నలోంచే: రాసినవాడు చదివేవాడికి ఏం అనిపించాలనుకున్నాడు, చదివేవాడి చేత ఏం చేయించాలనుకున్నాడు? కాబట్టి రెంటినీ వేరువేరు చాప్టర్లుగా చదివించకు.

వాళ్ల పదో తరగతి పుస్తకంలో ఉన్న పద్యంతోనే మొదలుపెడదాం. అమెరికన్ కవి కార్ల్ శాండ్‌బర్గ్ ‘ఫాగ్’. 1916లో వచ్చిన ఆయన షికాగో కవితల సంపుటిలోది. మొత్తం ఆరే లైన్లు. పొగమంచు పిల్లి అడుగులతో వస్తుంది, రేవునూ నగరాన్నీ చూస్తూ చప్పుడు లేకుండా కూర్చుంటుంది, ఆ తర్వాత కదిలి వెళ్లిపోతుంది. ఇందులో ఏముందని అడిగితే మీ చెల్లి ‘మెటఫర్’ అంటుంది. కరెక్టే. ‘లైక్’, ‘యాజ్’ లేవు కాబట్టి సిమిలీ కాదంటుంది. అదీ కరెక్టే. ఒక్క మార్కు ప్రశ్నకు ఇంతవరకు చాలు.

ఇప్పుడు పిల్లిని తీసేసి అక్కడ కుక్కను పెట్టి చూడమను. కుక్క వచ్చిందంటే వీధికంతా తెలుస్తుంది. మొరుగుతుంది, తోక ఊపుతుంది, పిలిస్తే దగ్గరికొస్తుంది. పొగమంచు అలా వస్తుందా? సరే, దొంగను పెట్టమను. దొంగ కూడా చప్పుడు లేకుండానే వస్తాడు, కానీ వాడితో పాటు భయం వస్తుంది, పొద్దున లేచి ఏం పోయిందో వెతుక్కోవాలి. పిల్లితో ఆ భయం లేదు. పిల్లి ఎవరి మాటా వినదు, తనకు తోచినప్పుడు వస్తుంది, కాసేపు కూర్చుని మనల్ని చూస్తుంది గానీ పట్టించుకోదు, తోచినప్పుడు పోతుంది. పొగమంచు ఎప్పుడు దిగిందో తెలియదు, మనం చెబితే పోయేది కాదు, అలాగని మనకు చేసిన నష్టమూ లేదు. మహేంద్రగిరి వైపు చలికాలం తెల్లవారుజామున బస్సులో వెళ్లిన పిల్లలకు ఈ సంగతి ఇట్టే అందుతుంది. ఈ మాటలు తెలుగులోనైనా సరే మీ చెల్లి నోటి నుంచి వచ్చాయంటే జవాబు వచ్చేసినట్టే, ఇంగ్లీషులో పెట్టడమే మిగిలింది.

క్లాసులో నేను ఎక్కువగా చేయించేది ఈ ‘మార్చి చూడు’ పనే. ఎఫెక్ట్ రాయమంటే సగం మంది పిల్లలు ‘ఇట్ మేక్స్ ద పొయెమ్ బ్యూటిఫుల్’ అని రాసి ఊరుకుంటారు. దిద్దేవాళ్లకు ఆ వాక్యం కనబడగానే నీరసం వస్తుంది. ఏ పద్యానికైనా, ఏ లైనుకైనా అతికే మాట అది. పోలికను మార్చి చూసిన పిల్ల ఆ వాక్యం రాయలేదు. ఎందుకంటే కుక్కతో రాసినా పద్యం అందంగానే ఉండొచ్చు, కానీ పిల్లితో వచ్చిన నిశ్శబ్దం, నిర్లక్ష్యం ఉండవని ఆమెకు తెలిసిపోయింది.

గైడు గురించి అడిగావు గనుక ఇక్కడే ఒక మాట. ఈ పద్యానికి కొన్ని గైడ్లు పర్సనిఫికేషన్ అని రాసి వదిలేస్తాయి. ప్రాణం లేనిదానికి మనిషి లక్షణం ఇస్తే పర్సనిఫికేషన్. ఇక్కడ ఇచ్చింది పిల్లి లక్షణం. మెటఫర్ అని రాయడమే మేలు. ఒకే పోలికను మొదటి లైను నుంచి చివరి లైను దాకా సాగదీశాడు కాబట్టి ఎక్స్‌టెండెడ్ మెటఫర్ అంటే ఇంకా బాగుంటుంది. గైడు కొంటే కొను, కానీ అందులో డివైస్ పేరు పక్కన కారణం లేకపోతే ఆ పేరును నమ్మొద్దని చెప్పు.

జవాబు ఎంత ఉండాలి? రెండు మూడు వాక్యాలు చాలు. నేను అప్పటికప్పుడు కట్టిన ఒక లైను చూడు: ‘ద రివర్ ఫర్గాట్ ఇట్స్ బ్యాంక్స్ దట్ నైట్.’ ఆ రాత్రి నది తన గట్లను మరిచిపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో వరద చూసినవాళ్లకు ఈ లైను వివరించక్కర్లేదు. పర్సనిఫికేషన్ అని పేరు రాయాలి. ‘ఫర్గాట్’ అనే మాట వల్ల అని చూపించాలి. ఆ తర్వాత అసలు పని: మరిచిపోవడం మనుషులు చేసేది, అందులో కోపం లేదు, కావాలని చేసింది కాదు. ‘బ్రోక్ ఇట్స్ బ్యాంక్స్’ అని ఉంటే నది మీద కోపం వచ్చేది. ‘ఫర్గాట్’ అనేసరికి, రోజూ తెలిసిన నదే ఆ ఒక్క రాత్రి మనల్ని గుర్తుపట్టనట్టు అనిపిస్తుంది. ఇంగ్లీషులో రాయడానికి ఒక చట్రం ఇస్తాను: ‘ద వర్డ్ ఫర్గాట్ గివ్స్ ద రివర్ ఎ హ్యూమన్ వీక్‌నెస్, సో ద ఫ్లడ్ సీమ్స్ లెస్ లైక్ యాన్ అటాక్ అండ్ మోర్ లైక్ ఎ ఫ్రెండ్ హూ నో లాంగర్ నోస్ అస్.’ మాటల్ని బట్టీ పట్టించకు. ‘ద వర్డ్ ఫలానా గివ్స్ ఫలానా, సో ఫలానా సీమ్స్ ఫలానా’ అనే నడక అలవాటు చేయించు. ఆ మధ్యలో ఉన్న ‘సో’ పిల్లల్ని ఆలోచింపజేస్తుంది. దాని తర్వాత ఏదో ఒకటి చెప్పక తప్పదు కదా.

ఇక మన పిల్లలకు ఒక లాభం ఉంది, దాని వెనకే ఒక చిక్కూ ఉంది. ఒడియా వ్యాకరణంలో ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అనుప్రాస, యమకం ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు తెలుగు చదువుకుని ఉంటే అతిశయోక్తి, శ్లేష కూడా చెవిన పడే ఉంటాయి. సిమిలీని ఉపమతో, మెటఫర్‌ను రూపకంతో, హైపర్బొలీని అతిశయోక్తితో, పన్‌ను శ్లేషతో జత కట్టిస్తే నిర్వచనాల బరువు ఒక్క పూటలో దిగిపోతుంది. తప్పకుండా చేయించు. కానీ కొన్ని చోట్ల ఈ జతలే కొంప ముంచుతాయి.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది అలిటరేషన్ దగ్గర, అంటే పక్కపక్క మాటలు ఒకే ధ్వనితో మొదలవడం. మన లిపుల్లో రాసినట్టే పలుకుతాం, కాబట్టి అక్షరం ఒకటైతే ధ్వని కూడా ఒకటే అని పిల్లలకు నరనరాన ఉంటుంది. ఇంగ్లీషులో అలా కాదు. ‘సిటీ’, ‘క్యాట్’ రెండూ సి అనే అక్షరంతోనే మొదలవుతాయి, ధ్వని వేరు. వాటిని అలిటరేషన్ అని రాస్తే తప్పు. ‘ఫోన్’ పి తో మొదలవుతుంది, ‘ఫైర్’ ఎఫ్ తో. ధ్వని ఒకటే, కాబట్టి అది అలిటరేషన్. ‘నైఫ్’ కె తో మొదలై ‘నైట్’ ఎన్ తో మొదలైనా రెండింటికీ జత కుదురుతుంది. కళ్లతో వెతకొద్దు, బయటికి చదివి చెవితో పట్టుకో అని చెప్పు. పరీక్ష హాల్లో బయటికి చదవలేదు గదా అంటావేమో, పెదాలు కదిపితే ఇన్విజిలేటరు ఏమీ అనడు.

రైమ్ దగ్గర ఇలాంటి తికమకే ఇంకొకటి. తెలుగు పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. ఇంగ్లీషు రైమ్ లైను చివర ఉంటుంది, అదీ ధ్వనిని బట్టే. ‘టఫ్’, ‘స్టఫ్’ స్పెల్లింగులో దూరపు చుట్టాలు కూడా కావు, అయినా రైమ్ అవుతాయి. ‘టఫ్’, ‘దో’ స్పెల్లింగు చివర ఒకేలా ఉండి కూడా రైమ్ కావు. రైమ్ స్కీమ్, అంటే ఏ లైను ఏ లైనుతో రైమ్ అవుతుందో, రాయమన్నప్పుడు చాలామంది చివరి రెండు అక్షరాలు పోల్చి ఏబీఏబీ వేసేస్తారు.

ఉత్ప్రేక్షకు, అంటే ఒకదాన్ని ఇంకొకటేమో అన్నట్టు ఊహించడానికి, ఇంగ్లీషు బడి పుస్తకంలో వేరే పేరు లేదు. ‘యాజ్ ఇఫ్’ అని వస్తే సిమిలీ కిందే రాయాలి. పర్సనిఫికేషన్‌కు తెలుగు బడి అలంకారాల్లో విడిగా చోటు లేదు, అందువల్ల మన పిల్లలు దాన్ని రూపకంలో కలిపేసి మెటఫర్ అని రాస్తారు. నిజానికి పర్సనిఫికేషన్ కూడా ఒక రకం మెటఫరే, వాదిస్తే గెలవొచ్చు. కానీ పరీక్షలో వాదించే వీలు లేదు. మనిషి పని గానీ మనిషి బుద్ధి గానీ కనబడితే పర్సనిఫికేషన్ అనే రాయాలి.

ఐరనీ కష్టం అంటారు, నాకు ఆ మాట నచ్చదు. మన వైపు మాటల్లో వెటకారం లేని పూట ఉందా? పరీక్ష తప్పి ఇంటికొచ్చిన కుర్రాడితో నాయనమ్మ ‘ఏరా, కలెక్టరువైపోయావా’ అంటే ఏ గుంటడైనా అర్థం చేసుకుంటాడు. కాగితం మీదికి వచ్చేసరికి ఆ గొంతు, ఆ మొహం ఉండవు. అందుకని చెప్పిన మాటకూ చుట్టూ ఉన్న పరిస్థితికీ ఎక్కడ పొత్తు కుదరలేదో వెతకాలి. ‘వంతెన ప్రారంభోత్సవానికి పూలదండలు, మైకులు, మంత్రిగారు అన్నీ వచ్చాయి, వంతెన ఒక్కటే ఇంకా రాలేదు.’ ఇందులో తిట్టు మాట ఒక్కటీ లేదు. జాబితాలో చివరన వంతెనను చేర్చిన తీరే తిట్టు. అది చూపించగలిగితే మార్కులు పూర్తిగా వస్తాయి.

ట్రాన్స్‌ఫర్డ్ ఎపిథెట్ అనగానే హడలిపోతారు గానీ, ‘నిద్రలేని రాత్రి’ అని మనం రోజూ అంటాం. నిద్ర లేనిది రాత్రికి కాదు, మనిషికి. ఎన్‌జాంబ్‌మెంట్, అంటే వాక్యం లైను చివర ఆగకుండా కింది లైనులోకి జారడం. తెలుగు వృత్తపద్యంలో వాక్యమే కాదు, మాట కూడా పాదం చివర విరిగి కిందికి దిగుతుంది. ఒక పద్యం చూపిస్తే చాలు. ఆనమటోపియా, అంటే చప్పుడును అనుకరించే మాట, దాని గురించి చెప్పనే అక్కర్లేదు, జలజల, టపటప, గలగల అంటూ పెరిగినవాళ్లం.

ఇక ఆ మూడు మాటల సంగతి. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఒప్పించే మాటకు మూడు ఆధారాలు చెప్పాడు. మాట్లాడేవాడి మీద నమ్మకం ఈథోస్. వినేవాడి మనసులో కలిగే భావం పేథోస్. మాటలో ఉన్న తర్కం లోగోస్. నిర్వచనం ఇంతే, దీన్ని ఇక లాగొద్దు. ఒక ఉత్తరం రాయించి చూపిస్తే సరిపోతుంది. సీబీఎస్ఈ పదో తరగతి పేపర్లో ఫార్మల్ లెటర్ ఎలాగూ ఉంటుంది.

విషయం: సాయంత్రం బడి నుంచి, ట్యూషన్ నుంచి వచ్చే దారిలో వీధి దీపాలు వెలగడం లేదు. మున్సిపాలిటీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుకు ఉత్తరం. చాలామంది పిల్లల మొదటి ప్రతి ఇలా ఉంటుంది: ‘మేము చాలా ఇబ్బంది పడుతున్నాము. దయచేసి చర్య తీసుకోగలరు.’ ఇందులో మర్యాద ఉంది, ఆ ఆఫీసరు చెయ్యి కదిలించేది ఏమీ లేదు. ఇప్పుడు లోగోస్ చేర్చమను. డిసెంబరులో మన వైపు సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. ట్యూషన్ ఆరింటికి వదులుతారు. కాబట్టి పిల్లలందరూ చీకట్లోనే నడవాలి. మూడు వాక్యాలు, ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. ఈ ‘కాబట్టి’ లేకుండా అంకెలు మాత్రం పెడితే లోగోస్ కాదు. పిల్లలు దాదాపు అందరూ పొరబడేది ఇక్కడ. పర్సెంటేజీ ఒకటి రాసేసి లోగోస్ అయిపోయిందనుకుంటారు. లెక్కకూ అడిగేదానికీ లంకె చూపించాలి.

తర్వాత పేథోస్. ‘మా కన్నీళ్లు చూడండి’ అని రాస్తారు, అది కాదు. ఒక్క దృశ్యం చాలు: ‘మా తరగతి అమ్మాయిలు ఇద్దరు చలికాలం వచ్చిందంటే ట్యూషన్ మానేస్తారు, మార్చిలో మళ్లీ వస్తారు.’ ఏడుపు మాట ఒక్కటి లేదు. చదివే ఆఫీసరుకు కూతురుంటే అక్కడ ఆగుతాడు. భావం పేరు చెబితే పేథోస్ రాదు, భావం పుట్టే వివరం చెబితే వస్తుంది. గమనించావా, పద్యం దగ్గర ‘బ్యూటిఫుల్’ అని రాయొద్దన్నది కూడా ఇందుకే.

ఈథోస్ దగ్గర పిల్లలు ‘నేను స్కూల్ లీడర్‌ను, క్లాస్ ఫస్టును’ అని మొదలుపెడతారు. పదవి వల్ల కొంత నమ్మకం వస్తుంది, నిజమే. కానీ రాత లోపల నమ్మకం పుట్టించే దారులు వేరే ఉన్నాయి. ‘మెయిన్ రోడ్డులో కిందటి నెల దీపాలు మార్చారు, ధన్యవాదాలు. మా దారిలో పాడైన స్తంభాల నంబర్లు కింద రాశాము.’ చేసిన పనిని ఒప్పుకున్నది, నడిచి వెళ్లి స్తంభాలు చూసి వచ్చింది. ఈ అమ్మాయి ఊరికే ఫిర్యాదు చేసే రకం కాదని తెలిసిపోతుంది. అవతలివాళ్ల పక్షంలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవడం ఈథోస్‌లో అన్నిటికంటే బలమైనదని నా అభిప్రాయం. వక్తృత్వ పోటీల్లో దీన్ని వాడేవాళ్లు చాలా అరుదు, అందరూ అవతలి జట్టును చీల్చి చెండాడాలనే చూస్తారు.

ఈథోస్‌కు పెద్ద ఉదాహరణ కావాలంటే 1922 మార్చి 18, అహ్మదాబాదు కోర్టు. రాజద్రోహం కేసులో గాంధీ నేరం ఒప్పుకున్నాడు. తగ్గించమని వేడుకోలేదు, చట్టం ప్రకారం వేయగలిగినంత పెద్ద శిక్ష వేయమని జడ్జినే అడిగాడు. ఆరేళ్ల శిక్ష పడింది. తనకు నష్టం వచ్చే మాటను తనే చెప్పే మనిషిని జనం నమ్మకుండా ఉండలేరు. ఆ పక్కనే బ్రిటిష్ పాలన వల్ల పల్లెలు ఎలా చితికిపోయాయో చెప్పిన భాగంలో తర్కమూ ఉంది, బాధా ఉంది. మూడూ కలిసే నడుస్తాయి, పరీక్ష కోసమే మనం విడదీస్తాం.

మన ఊళ్లకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. పర్లాకిమిడి పిల్లలకు నేను ఇదే ముందు చెబుతాను. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో మాస్టారుగా చేరారు. వాడుక భాషలో చదువు చెప్పాలని ఆయన వాదించినప్పుడు అవతలివైపు ఉన్నది మామూలు మనుషులు కాదు, గొప్ప పండితులు. ‘వ్యవహారిక భాష తియ్యన’ అని ఊరికే పొగిడితే వాళ్లు లెక్కచేసేవారు కాదు. గ్రాంథికమే రాయాలనేవాళ్ల రాతల్నే ముందు పెట్టుకుని, అందులో వాళ్లే తమ వ్యాకరణ నియమాలు ఎక్కడెక్కడ తప్పారో చూపించారు. మీరు పెట్టిన నియమం మీకే నిలవకపోతే బడిపిల్లలకు ఎలా నిలుస్తుంది? లోగోస్ అంటే ఇదీ. ఇక ఈథోస్: సవర గిరిజనుల మధ్యకు వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసిన మనిషి భాష గురించి మాట్లాడుతున్నాడు. గుణుపురం చుట్టుపక్కల సవర పిల్లలతో కలిసి చదువుకునే మీ చెల్లికి ఆ పని ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ రోజు సభల్లో దండ వేసి పొగడడమే గానీ ఆయన వాదించిన పద్ధతి మాత్రం ఏ మైకులోనూ వినబడదు.

డివైస్, అపీల్ (ఈథోస్, పేథోస్, లోగోస్‌లలో ఏదో ఒకటి) రెండూ ఒకే వాక్యంలో ఎలా పనిచేస్తాయో చూపించడానికి నెహ్రూ 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం తీసుకుంటాను. అర్ధరాత్రి ఘడియ కొట్టగానే, లోకం నిద్రపోతున్న వేళ, భారతదేశం జీవితంలోకి, స్వేచ్ఛలోకి మేల్కొంటుందన్నాడు. క్లాసులో తెలివైన పిల్లలు చెయ్యెత్తుతారు: మనకు అర్ధరాత్రి అయితే లండన్‌లో సాయంత్రం, న్యూయార్క్‌లో మధ్యాహ్నం కదా, లోకం ఎక్కడ నిద్రపోయింది? భలే ప్రశ్న. లెక్క ప్రకారం ఆ మాట నిలవదు, లోగోస్ కాదు. అయినా సభలో ఎవరూ గడియారం చూసుకోలేదు. దేశాన్ని నిద్రలేచే మనిషిని చేశాడు, అది పర్సనిఫికేషన్. నిద్ర, మేలుకోవడం ఎదురెదురుగా పెట్టాడు, అది యాంటితెసిస్. ఆ రెండూ పనిచేసింది పేథోస్ కోసం. అందరూ పడుకున్నప్పుడు మెలకువగా ఉన్నవాళ్లకు ‘ఇది మన ఒక్కళ్లదే’ అనిపిస్తుంది చూడు, ఆ భావం. ఇంత విడదీసి చూసిన పిల్ల ఆ తర్వాత ఏ ప్రసంగం ఇచ్చినా బెదరదు.

ఇంట్లో సాధనకు వర్క్‌షీట్లు కొనక్కర్లేదు. టూత్‌పేస్టు ప్రకటనలో తెల్లకోటు వేసుకున్నాయన ఎందుకున్నాడు? అద్దెకు తెచ్చిన ఈథోస్. వాట్సాప్‌లో ‘వెంటనే అందరికీ పంపండి, లేదంటే’ అని వచ్చేదాన్ని చూపించి, ఏ భావం మీద కొడుతున్నారో అడుగు. ఎన్నికలప్పుడు మన వీధుల్లో ఒకే ఆటో మైకు ఒడియాలో ఒకలా, తెలుగులో ఇంకొకలా అరుస్తుంది. వినేవాళ్లు మారితే మాట ఎందుకు మార్చారో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. రెండు భాషలూ వచ్చిన పిల్లకు ఇది ఉచితంగా దొరికే పాఠం, బెంగళూరు పెద్ద స్కూళ్లలో కూడా దొరకదు.

ఒక విషయంలో మాత్రం బళ్లో చెప్పేదానికి ఎదురు చెబుతాను. ఇంగ్లీషు జవాబు ఇంగ్లీషులోనే ఆలోచించాలని పిల్లల్ని తరుముతారు. ఎఫెక్ట్ దగ్గర అది పనిచేయదు. భావం ముందు ఏ భాషలో తడితే ఆ భాషలో రఫ్ పేజీలో రెండు ముక్కలు రాసుకోనీ. తెలుగు లిపి రాకపోతే ఒడియా లిపిలోనైనా సరే. ఆ తర్వాత ఇందాక చెప్పిన ‘సో’ చట్రంలోకి తేవాలి. మొదట్లో ఆలస్యం అవుతుంది. కొన్నాళ్లకు ఆ రఫ్ పేజీ దానంతటదే చిన్నదవుతుంది.

ట్యూషన్ సంగతి. గ్రామర్, స్పెల్లింగు బలహీనంగా ఉంటే పెట్టించు, తప్పులేదు. దీనికోసమైతే వద్దు. డివైస్ పేర్లు పట్టిక గీసి బట్టీ పట్టించే ట్యూషన్‌లో మీ చెల్లికి కొత్తగా వచ్చేది ఏమీ ఉండదు. నీకు ఇంగ్లీషు అంతంతమాత్రం అని రాశావు. ఫరవాలేదు, నీ పని ‘దీని బదులు ఇంకొకటి పెడితే?’ అని అడగడమే, అది తెలుగులో అడిగినా ఒకటే. వక్తృత్వ పోటీ విషయం ఏమిటో నీ ప్రశ్నలో లేదు. అది రాసి, చెల్లి తయారుచేసిన మొదటి ప్రతి ఎలా ఉంటే అలా, దిద్దకుండా కింద పెట్టు. ఎక్కడ లంకె తెగిందో చూసి చెబుతాను.